బ్లాక్‌బస్టర్లు అమ్మేసి క్లాసిక్స్ కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీ దగ్గర రెండు వందల పైచిలుకు డిస్కులున్నాయి, దాదాపు అన్నీ హాలీవుడ్ బ్లాక్‌బస్టర్లే. ఇంటికొచ్చిన స్నేహితుడొకడు అర ముందు నిలబడి "ఇందులో సినిమా ఒక్కటీ లేదేంట్రా" అన్నాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆరు నెలల్లో పదిహేను క్లాసిక్స్ కొన్నారు. వాటిలో ఆరింటికి సగంలోనే నిద్రపోయారు. ఇప్పుడు పాతవన్నీ అమ్మేసి ఆ డబ్బుతో అసలు సిసలు కలెక్షన్ మొదలుపెట్టాలా, లేక నాకు టేస్టు లేదని ఒప్పేసుకోవాలా అని అడిగారు.

అమ్మకండి. టేస్టు లేదని ఒప్పుకోవాల్సిన పనీ లేదు. కొంచెం వివరంగానే చెప్తాను, ఇదే పొరపాటు నేనూ చేసినవాణ్ణి కాబట్టి.

వీహెచ్ఎస్ టేపుల కాలం నుంచి సినిమాలు పోగేస్తున్నాను. ఇప్పుడు పద్నాలుగు వందల దాకా డిస్కులున్నాయి. సగానికి పైగా మీ స్నేహితుడు చూసి మెచ్చుకునే రకమే. కానీ ఒకప్పుడు, కొత్తగా జపాన్ దర్శకుడు కురసావా, స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ పేర్లు నోటికొచ్చిన రోజుల్లో, నా అర నాకే నామోషీగా అనిపించింది. ఒక అట్టపెట్టె నిండా యాక్షన్ సినిమాలు సర్ది ఎవరికో కారుచౌకగా ఇచ్చేశాను. తర్వాత ఐదారేళ్ళలో అందులో చాలావరకు మళ్ళీ కొన్నాను, అంతకు రెట్టింపు పెట్టి. రెండు మాత్రం ఇప్పటికీ దొరకలేదు. దొరకనివి ఆర్ట్ సినిమాలు కావు, అప్పట్లో ఏ షాపులో చూసినా గుట్టలుగా పడి ఉన్న సినిమాల పాత ఎడిషన్లు. ఆ సంగతి మళ్ళీ చివర్లో చెప్తాను.

ముందు ఈ గీత గురించి. క్లాసిక్ ఇటు, బ్లాక్‌బస్టర్ అటు అని మనం గీసుకునే గీత చరిత్రలో ఎక్కడా నిలబడదు. 1954లో వచ్చిన సెవెన్ సమురాయ్ ఆ రోజుల్లో జపాన్‌లో తీసిన అత్యంత ఖరీదైన సినిమాల్లో ఒకటి, జనం విరగబడి చూశారు. 1960లో సైకో తక్కువ ఖర్చుతో తీసిందే అయినా, దానికీ జనం అలాగే ఎగబడ్డారు. 1957 నాటి మాయాబజార్ చూడటానికి బళ్ళు కట్టుకుని వచ్చినవాళ్ళు ఆర్ట్‌హౌస్ ప్రేక్షకులేమీ కాదు. అదే వెర్టిగో 1958లో విడుదలైనప్పుడు మిశ్రమ స్పందనతో సరిపెట్టుకుని, 2012లో సైట్ అండ్ సౌండ్ పత్రిక విమర్శకుల ఓటింగులో మొదటి స్థానానికి వచ్చింది. బ్లేడ్ రన్నర్ 1982లో పెద్దగా ఆడలేదు. ఇప్పుడు అది ఏ అరలో పెట్టాలో నాకే తెలియదు.

ఇంకో ముచ్చట. ఆర్ట్ సినిమా కలెక్టర్లందరూ గుడిలా చూసే క్రైటీరియన్ కలెక్షన్ అనే డిస్కుల కంపెనీ 1984లో, డీవీడీలకి ముందు వచ్చిన పెద్ద లేజర్ డిస్కులతో మొదలైంది. మొదటి రెండు విడుదలల్లో ఒకటి సిటిజన్ కేన్, సరే. రెండోది కింగ్ కాంగ్. గోపురమెక్కి విమానాలు పట్టుకునే పెద్ద కోతి సినిమా! సినిమా నడుస్తుంటే వెనక నుంచి నిపుణుడు వివరించే ఆడియో కామెంటరీ అనే పద్ధతి మొదలైంది కూడా ఆ కింగ్ కాంగ్ డిస్కు మీదే. మీ స్నేహితుడికి ఈ సంగతి చెప్పి చూడండి.

ఇక నిద్ర. ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరొస్తామీ అంతటివాడు, ప్రేక్షకుణ్ణి కట్టిపడేసే సినిమాల కన్నా హాల్లో నిద్రపుచ్చే సినిమాలే నాకిష్టం, వాటిలో కొన్ని తర్వాత వారాల తరబడి వెంటాడతాయి అన్నాడు. కాబట్టి నిద్రపోయినందుకు సిగ్గుపడకండి. కానీ పదిహేనింటిలో ఆరంటే ఎంపికలోనో, చూసే వేళలోనో తేడా ఉంది. మీరు రాసినదాన్ని బట్టి రెండూ ఉన్నాయి.

ఎంపిక సంగతి. "అత్యుత్తమ చిత్రాల జాబితా" పెట్టుకుని పైనుంచి కిందికి కొన్నానన్నారు. సైట్ అండ్ సౌండ్ 2022 ఓటింగులో మొదటి స్థానం జాన్ డీల్మన్ అనే సినిమాది. మూడు గంటల ఇరవై నిమిషాలు, ఒక గృహిణి మూడు రోజుల ఇంటిపని. నాకు చాలా ఇష్టమైన సినిమా. కానీ దాన్ని ఇష్టపడటానికి ముందు నేను కొన్ని వందల సినిమాలు చూశాను. బంగాళాదుంపలు చెక్కు తీస్తున్న షాటు ఎందుకు అంతసేపుందో అర్థం కావాలంటే, మామూలు సినిమా ఆ షాటుని ఎక్కడ కట్ చేసేదో మన కళ్ళకి బాగా అలవాటై ఉండాలి. ఆ ఓటింగు జాబితా తయారుచేసింది జీవితమంతా సినిమాలు చూసినవాళ్ళు, తమలాంటివాళ్ళ కోసం. ఈత నేర్చుకునేవాడు సముద్రం మధ్యలో మొదలుపెట్టడు కదా.

నేను చెప్పే దారి వేరు. మీ అరలో ఇప్పటికే ఉన్నదాన్నుంచి వెనక్కి నడవండి. ప్రతి బ్లాక్‌బస్టర్‌కీ తాతముత్తాతలుంటారు. మీ దగ్గర స్టార్ వార్స్ ఉందన్నారు. కథని గొప్పవాళ్ళ కళ్ళతో కాకుండా, ఎప్పుడూ పోట్లాడుకునే ఇద్దరు అల్పజీవుల వైపు నుంచి మొదలుపెట్టాలన్న ఆలోచన కురసావా 1958లో తీసిన ది హిడెన్ ఫోర్ట్రెస్ నుంచి వచ్చిందని జార్జ్ లూకాసే చెప్పాడు. అది చూడండి, రెండు రోబోలు ఎక్కడ పుట్టాయో మొదటి పది నిమిషాల్లో తెలిసిపోతుంది. దొంగతనం సినిమాలు ఇష్టమన్నారు. 1955 నాటి ఫ్రెంచి సినిమా రిఫిఫీలో దాదాపు అరగంట పాటు ఒక నగల దుకాణానికి కన్నం వేస్తారు, ఆ అరగంటలో ఒక్క మాట లేదు, సంగీతం లేదు. ఇప్పటి వందల కోట్ల సినిమా ఏదీ నన్ను అలా ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టలేదు. కార్ల ఛేజింగులా? 1926 నాటి ది జనరల్ పెట్టండి. బస్టర్ కీటన్ రైళ్ళతో ఛేజింగ్ తీశాడు, చివర్లో నిజం రైలింజన్‌ని నిజం వంతెన మీంచి నదిలో పడేశాడు. అన్నట్టు అదీ ఆ రోజుల్లో పెద్ద ఖర్చుతో తీసిందే, అదీ ఫ్లాపే.

మా మేనల్లుడి సంగతి చెప్తాను. సూపర్‌హీరో సినిమాలు తప్ప వేరేవి చూడడు. సెలవులకి వచ్చినప్పుడు నలుపు-తెలుపు అనగానే మొహం ముడిచాడు. వాడికి ది వేజెస్ ఆఫ్ ఫియర్ పెట్టాను. 1953 సినిమా, నలుగురు మనుషులు, రెండు లారీలు, నిండా నైట్రోగ్లిసరిన్. గతుకు తగిలితే పేలిపోతుంది, దారంతా గతుకులే. నిజం చెప్పాలంటే మోసం చేశాను. మొదటి గంటా ఊళ్ళో కాలక్షేపమే నడుస్తుంది, అందుకని "మావయ్యా, ఎప్పుడు బయల్దేరతారు?" అని వాడు నాలుగుసార్లు అడిగేదాకా ఓర్చుకుని, తర్వాత లారీలు కదిలే చోటికి దూకించేశాను. అక్కణ్ణుంచి వాడు ఫోను ముట్టుకోలేదు. కుళ్ళిన చెక్కల వేదిక మీద లారీ వెనక్కి తిప్పే ఘట్టం దగ్గర నా మోచెయ్యి పట్టుకున్నాడు. మర్నాడు పొద్దున వాడంతట వాడే ఆ మొదటి గంటా పెట్టుకుని చూశాడు. ఆ మనుషులు ఎవరో తెలుసుకోవాలనిపించిందట. స్వచ్ఛవాదులు నన్ను తిట్టుకోవచ్చు. వాడి అరలో ఇప్పుడు ఆ డిస్కు ఉంది, సూపర్‌హీరోల పక్కనే.

ది వేజెస్ ఆఫ్ ఫియర్‌కి ఆధారమైన నవలనే 1977లో విలియం ఫ్రీడ్‌కిన్ సార్సరర్ పేరుతో మళ్ళీ తీశాడు. స్టార్ వార్స్ వచ్చిన నెల తర్వాత విడుదలై, ఆ ప్రభంజనంలో కొట్టుకుపోయింది. 2014లో బొమ్మని చక్కగా బాగుచేసి బ్లూ-రే డిస్కు వేశాకే చాలామంది దాన్ని సరిగ్గా చూడగలిగారు. మీ దగ్గర స్టార్ వార్స్ ఉంది కాబట్టి దాని చేతిలో ఓడిపోయిన సినిమాకి కూడా చోటివ్వడం న్యాయం.

చూసే వేళ గురించి ఒక్క మాటే. ఆఫీసు నుంచి వచ్చి, తిని, రాత్రి పదకొండింటికి పెట్టానన్నారు. ఆ టైముకి నాకూ ఏ సినిమా అయినా జోలపాటే. నెమ్మదిగా నడిచే సినిమాని సెలవు రోజు పొద్దున చూడండి, ఫోను వేరే గదిలో పెట్టేసి. డిస్కుతో వచ్చే చిన్న పుస్తకాన్ని సినిమాకి ముందు చదవకండి, అందులో వ్యాసాలు కథంతా చెప్పేస్తాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. డిస్కు ఎందుకు కొంటాం? దీనికి సమాధానం దొరికితే ఏది ఉంచాలో, ఏది కొనాలో దానంతటదే తేలిపోతుంది.

టేస్టు చూపించుకోవడానికి అయితే డబ్బు దండగ. నేను కొనేది ఒక ఫలానా వెర్షన్‌ని నా చేతిలో ఉంచుకోవడానికి. సినిమా అనేది రాతి శిల్పం కాదు. విడుదలయ్యాక కూడా దాన్ని చెక్కుతూనే ఉంటారు. ది ఫ్రెంచ్ కనెక్షన్ తీసుకోండి. 1971 సినిమా, ఉత్తమ చిత్రం ఆస్కార్. 2009లో బ్లూ-రే వచ్చినప్పుడు దర్శకుడు ఫ్రీడ్‌కిన్ రంగులు మార్చేశాడు, వెలిసిపోయినట్టు, అంచులు కారిపోయినట్టు. ఛాయాగ్రాహకుడు ఓవెన్ రోయిజ్‌మన్ బాహాటంగానే తప్పుపట్టాడు. 2012లో రంగులు సరిచేసి మళ్ళీ డిస్కు వేశారు. 2023లో అదే సినిమా స్ట్రీమింగ్ కాపీల్లో, జాతిని కించపరిచే మాట ఉన్న ఒక చిన్న సన్నివేశం చడీచప్పుడు లేకుండా మాయమైంది. ఆ మాట పాత్ర ఎలాంటివాడో చెప్పే మాట. 2012 డిస్కు ఉన్నవాడింట్లో ఆ సన్నివేశం అలాగే ఉంది. దాన్ని ఎవరూ వచ్చి కత్తిరించలేరు.

ఇది కమర్షియల్ సినిమాల జబ్బనుకునేరు. హాంకాంగ్ దర్శకుడు వాంగ్ కర్-వాయ్ తన సినిమాలు ఏడింటిని తనే బాగుచేయించి 2021లో పెద్ద సెట్టుగా తెచ్చినప్పుడు, చాలావాటికి రంగు మార్చాడు, ఫాలెన్ ఏంజెల్స్‌కి ఏకంగా ఫ్రేము కొలతే మార్చి వెడల్పు చేశాడు. నేను అంతకు ముందున్న ఎడిషన్ అమ్మేసి కొత్త సెట్టు కొన్నవాణ్ణి. మొదటి సినిమా పెట్టగానే అంతా పచ్చపచ్చగా కనిపిస్తే టీవీ పాడైందనుకున్నాను. ఇక్కడ దర్శకుడికి హక్కు లేదని నేననను. కానీ నేను ప్రేమించిన సినిమా అది కాదు. రెండూ ఉంచుకునే అవకాశం ఉంటే బాగుండేది.

ఇంకో రకం మార్పు చేసేది దర్శకుడు కాదు, యంత్రం. ఫిల్ములో బొమ్మ ఏర్పడేదే సన్నటి రేణువులతో, గ్రెయిన్ అంటాం. అది దుమ్ము కాదు, బొమ్మే అది. అది తెలియనివాళ్ళకి "శుభ్రంగా" కనిపించాలని కొన్ని కంపెనీలు దాన్ని సాఫ్ట్‌వేర్‌తో తుడిచేస్తాయి. తుడిస్తే చర్మం మీది ముడతలు, బట్టల నేత కూడా పోతాయి. మనుషులు మైనపు బొమ్మల్లా తయారవుతారు. 2010లో వచ్చిన ప్రెడేటర్ బ్లూ-రే దీనికి పేరుమోసిన ఉదాహరణ. అంతకు ముందొచ్చిన డిస్కు చూడటానికి కాస్త ముతకగా ఉన్నా సినిమాలా ఉంటుంది. 2024లో జేమ్స్ కామెరాన్ పాత సినిమాల 4కె డిస్కుల మీదా ఇదే గొడవ నడిచింది, ఈసారి ఏఐతో నునుపు చేశారని. అంటే చూడండి, వెర్షన్ చూసి జాగ్రత్తగా కొనాల్సిన అవసరం ఆర్ట్ సినిమాలకి ఎంతుందో బ్లాక్‌బస్టర్లకీ అంతే ఉంది. కొన్నిసార్లు ఎక్కువే.

స్ట్రీమింగ్‌లో ఉంది కదా అంటారు. ఉంటుంది, ఉన్నన్నాళ్ళు. ఫిల్మ్‌స్ట్రక్ అని క్లాసిక్స్‌కి మంచి సర్వీసు ఒకటుండేది, 2018 నవంబరులో మూసేశారు. నాణ్యత సంగతీ ఉంది. బ్లూ-రేలో బొమ్మకి సెకనుకి 40 మెగాబిట్ల దాకా చోటుంటుంది, 4కె డిస్కులో మొత్తం కలిపి 128 దాకా. స్ట్రీమింగ్‌లో 4కె అని రాసున్నా వచ్చేది అందులో చిన్న వంతు. చీకటి దృశ్యాల్లో, పొగలో, వానలో తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పెద్ద శబ్దాల సినిమాల్లో ఇంకా తెలుస్తుంది. అందుకే మాటలే నడిచే సినిమా స్ట్రీమింగ్‌లో చూసినా నాకు ఫర్వాలేదు గానీ, యుద్ధాలు, అంతరిక్షం ఉన్నవి డిస్కు మీదే చూస్తాను. మీ స్నేహితుడు దీన్ని తిరగేసి చెప్తాడు.

పాత సినిమాల విషయంలో డిస్కుకి ఇంకో విలువ ఉంది. ఆ బొమ్మ మన దాకా రావడమే ఒక వింత. అమెరికాలో తీసిన మూకీ ఫీచర్ సినిమాల లెక్క తీసి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ఒక నివేదిక వేసింది. దాదాపు 11 వేల సినిమాల్లో అసలు రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతం. డ్రయర్ తీసిన ది ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్ అసలు వెర్షన్ పోయిందనే అందరూ అనుకున్నారు. 1981లో ఓస్లోలో ఒక మానసిక చికిత్సాలయం బీరువాలో దొరికింది. 1927 నాటి మెట్రోపోలిస్‌లో ఎప్పుడో పోయాయనుకున్న ముక్కలు 2008లో బ్యూనస్ ఐరిస్ మ్యూజియంలో బయటపడ్డాయి. 16 ఎంఎం నెగెటివ్, ఒళ్ళంతా గీతలు. వాటిని కలిపితే దాదాపు 25 నిమిషాల సినిమా తిరిగొచ్చింది. ఆ డిస్కులో ఇప్పటికీ కొన్ని షాట్లు గీతలతో, చిన్న ఫ్రేములో ఉంటాయి. కొన్నవాళ్ళలో కొందరు డిస్కు పాడైందని ఫిర్యాదు చేస్తుంటారు! ఆ గీతలే నాకిష్టం.

సత్యజిత్ రాయ్ అపు చిత్రాలు మూడింటి నెగెటివ్‌లు 1993లో లండన్‌లో ఒక ల్యాబులో జరిగిన అగ్నిప్రమాదంలో కాలాయి. కాలిన డబ్బాలు పారేయకుండా దాచారు. ఇరవయ్యేళ్ళ తర్వాత ఇటలీలో బొలోనాలోని లిమ్మాజినే రిత్రొవాతా ల్యాబులో ఆ పెళుసెక్కిన రీళ్ళకి మళ్ళీ తడి ఎక్కించి, అంచులు చేత్తో అతికి, స్కాన్ చేశారు. పథేర్ పాంచాలీ నెగెటివ్‌లో 40 శాతం, అపరాజితోలో 60 శాతానికి పైగా పనికొచ్చింది. మిగతాది వేర్వేరు చోట్ల దాచిన ప్రింట్ల నుంచి తెచ్చారు. 2015లో డిస్కు వచ్చింది. నేను అంతకు ముందు ఆ సినిమాలు ఎప్పుడు చూసినా బూడిద రంగు పొగలో చూసినట్టుండేది. ఈ డిస్కులో దుర్గ, అపు రైలు చూడటానికి పరుగెత్తే రెల్లుపొదల్లో ఒక్కొక్క పూవూ విడిగా కనిపిస్తుంది. మీరు నిద్రపోని తొమ్మిదింటిలో పథేర్ పాంచాలీ ఉందన్నారు. అదే మీ దారి అనిపిస్తోంది నాకు, ఆ వైపు ఇంకో రెండడుగులు వేయండి.

ఇంత పని చేయడానికి డబ్బెక్కడిది? లేబుళ్ళు అనే, డిస్కులు వేసే చిన్న కంపెనీలు ఒక సినిమాని కొన్ని వేల కాపీలు వేస్తాయి, ఒక్కోసారి అదీ ఉండదు. ఆ కొన్ని వేల కాపీలు ఆడటానికి ప్లేయర్లు కావాలి, అచ్చేయడానికి ఫ్యాక్టరీలు కావాలి. వాటిని ఇన్నాళ్ళు నడిపింది ఎవరనుకున్నారు? అమెరికాలో లేజర్ డిస్కు మీద అమ్మకానికి వచ్చిన మొదటి సినిమా జాస్, 1978 డిసెంబరులో. ఆ బండి మీదే ఆరేళ్ళకి సిటిజన్ కేన్ ఎక్కింది. డీవీడీ వచ్చిన కొత్తలో ది మేట్రిక్స్ కోసమే ప్లేయర్ కొన్నవాళ్ళు కోకొల్లలు. ఇప్పుడు జనం డిస్కులు కొనడం తగ్గించగానే ఏమైంది? కలెక్టర్లు కళ్ళకద్దుకున్న ప్లేయర్లు చేసే ఒప్పో 2018లో తప్పుకుంది, 2019లో శామ్‌సంగ్ కొత్త ప్లేయర్లు ఆపేసింది. బ్లాక్‌బస్టర్ కొనేవాడు మానేస్తే మీ స్నేహితుడి బెర్గ్‌మన్ ఆడే యంత్రమే ఉండదు. ఇది మర్యాదగానే చెప్పండి, చెప్పడం మాత్రం మానకండి.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి గబగబా చెప్పేస్తాను, ఈ వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. బ్లూ-రేలకి ఎ, బి, సి అని ప్రాంతాల తాళం ఉంటుంది, డీవీడీలకి అంకెలు. 4కె డిస్కులకి ఈ బెడద లేదు. మంచి ఆర్ట్ సినిమా ఎడిషన్లు చాలావరకు ఎ లేదా బి. మీ ప్లేయర్ ఏది ఒప్పుకుంటుందో చూడకుండా కొనకండి. ఒక పెట్టె మొత్తం తెప్పించుకుని, ప్లేయర్ నోరు విప్పక, దాన్ని ఎనిమిది నెలలు చూస్తూ కూర్చున్న అనుభవంతో చెప్తున్నాను. పాల్ (PAL) అనే టీవీ పద్ధతిలో వేసిన పాత డీవీడీల్లో సినిమా 4 శాతం వేగంగా నడుస్తుంది, సెకనుకి 24 ఫ్రేములు 25 అవడం వల్ల. వంద నిమిషాల సినిమా 96లో అయిపోతుంది, గొంతులు కాస్త పీలగా వస్తాయి. సంగీతం చెవి ఉన్నవాళ్ళు వెంటనే పట్టేస్తారు. పాత సినిమాలు దాదాపు చతురస్రంగా, 1.37 నిష్పత్తిలో ఉంటాయి. పక్కల నల్ల పట్టీలు వస్తే అదే సరైనది, టీవీ నిండా సాగదీయకండి. ఒకే సినిమాకి నాలుగు దేశాల్లో నాలుగు డిస్కులుంటాయి, డీవీడీ బీవర్ లాంటి సైట్లలో ఫ్రేములు పక్కపక్కన పెట్టి చూపిస్తారు. ఐదు నిమిషాలు అక్కడ గడిపితే చాలా డబ్బు మిగులుతుంది.

దాచడం సులువే. నిలువుగా, ఎండా చెమ్మా తగలకుండా. తుడిస్తే మధ్యలోంచి అంచుకి, గుండ్రంగా కాదు. బ్లూ-రేలో సమాచారం ఉండే పొర ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, డీవీడీలో మధ్యలో ఎక్కడో ఉంటుంది. పైన గట్టి పూత ఉన్నా నిర్లక్ష్యం చేయకండి.

ఇక కలెక్టర్ల జబ్బు గురించి హెచ్చరించకపోతే నా మనసొప్పదు. "మూడు వేల కాపీలే" అన్న మాట వినగానే చెయ్యి దురద పెడుతుంది. స్టీల్ డబ్బా, అట్ట తొడుగు, గట్టి పెట్టె. 2018లో బెర్గ్‌మన్ సినిమాలు 39 ఉన్న పెట్టె ఒకటి వచ్చింది, చూడటానికి పెళ్ళి ఆల్బమ్ అంత ఉంటుంది. కొన్నాను. ఇప్పటికి చూసినవి పదకొండు. మా ఆవిడ దాన్ని దుమ్ము దులిపేటప్పుడల్లా "ఈయనెవరో పాపం ఇంకా ఎదురుచూస్తున్నాడు" అంటుంది. అప్పట్నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. విప్పని డిస్కులు పది దాటితే కొత్తది కొనను. దాన్ని ఏడాదికి రెండుసార్లు మీరుతాను కూడా. కొనే ముందు నన్ను నేను అడిగేది, "ఇది గొప్పదా?" అని కాదు, "దీన్ని మళ్ళీ ఎప్పుడు బయటికి తీస్తాను?" అని. ఏటా ఒకసారైనా తీసేది ఏ జాతిదైనా నా అరలో ఉంటుంది. ఒక్కసారి చూస్తే చాలనుకునే మహాకావ్యం లైబ్రరీలోనో స్ట్రీమింగ్‌లోనో చూసి నమస్కారం పెట్టేస్తాను.

ఆ లెక్కన మీ ఆరు నిద్ర డిస్కుల్లో రెండిటిని ఏడాది పాటు పక్కన పెట్టి మళ్ళీ ప్రయత్నించండి; స్టాకర్ అనే రష్యన్ సినిమా అందులో ఉండాలని నా కోరిక. మిగతా నాలుగూ నిరభ్యంతరంగా అమ్మేయండి. ఎవరో ఒకరు వాటి కోసం వెతుకుతుంటారు. బ్లాక్‌బస్టర్లలో కూడా మూడేళ్ళుగా ముట్టుకోనివి తీసేయండి, ఒకే సినిమా డీవీడీ, బ్లూ-రే రెండూ ఉన్నచోట పాతది తీసేయొచ్చు. ఒక్క జాగ్రత్త తీసుకోండి.

మీరు పెట్టిన అమ్మకాల జాబితాలో మొదటి పేరే "స్టార్ వార్స్ పాత డీవీడీలు, 2006" అని ఉంది. 1997లో లూకాస్ ఆ సినిమాలకి కొత్త బొమ్మలు చేర్చి, సన్నివేశాలు మార్చాడు. 2011 బ్లూ-రేలూ, 2020 4కె సెట్టూ మార్చిన వెర్షన్లే. 1977లో జనం హాల్లో చూసిన సినిమా ఆ 2006 డీవీడీల రెండో డిస్కులో, బోనస్ పేరుతో ఉంది. 1993 లేజర్ డిస్కు కోసం చేసిన కాపీ నుంచి దించారు కాబట్టి బొమ్మ అంత బాగుండదు, టీవీ మధ్యలో చిన్నగా వస్తుంది. నేను అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేసి, ఇప్పటికీ వెతుకుతున్న రెండింటిలో ఒకటి అదే. డబ్బా తెరిచి ఆ రెండో డిస్కు ఉందో లేదో చూడండి. ఉంటే జాబితాలోంచి ఆ పేరు కొట్టేయండి. అయినా అమ్మాలనే అనుకుంటే, ముందు నాకొక మాట చెప్పండి.